బర్లకు రాసిపెట్టిన టబ్బు

ఆ గల్లీలో ఫ్రిజ్ ఉన్న ఇళ్ళున్నాయి, కలర్ టీవీ ఉన్న ఇళ్ళున్నాయి, రెండు వేల సంవత్సరం దాటాక సెల్‌ఫోన్ ఉన్న ఇళ్ళు కూడా తయారయ్యాయి. స్నానాల టబ్బు మాత్రం ఒక్క గౌరయ్య ఇంట్లోనే ఉండేది. ఉండి ఏం లాభం? ఆ టబ్బులో గౌరయ్య ఒక్కనాడు కాలు పెట్టి ఎరగడు. పెడితే దుర్గమ్మ ఊరుకుంటుందా? మేడ్చల్‌లో వాళ్ళ గల్లీకి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చినప్పుడు పట్టుకోవడానికి డ్రమ్ములు చాలవు, బిందెలు చాలవు. ఇంత పెద్ద పాత్రను ఇంట్లో పెట్టుకుని దాంట్లో నీళ్ళకు బదులు మనిషిని పోస్తారా ఎవరైనా? ఆమె దాన్ని టబ్బు అని కూడా అనదు. గోలెం అంటుంది. బర్లకు కుడితి పెట్టే గోలెం లేదూ, అది.

టబ్బు ఆ ఇంటికి వచ్చిన కథ వేరే ఉంది. షామీర్‌పేట చెరువుకు కొంచెం అవతల సిటీ సేటు ఒకాయనకు గెస్ట్‌హౌస్ ఉండేది. గౌరయ్య వయసంతా అందులోనే పనిచేశాడు. గదులు ఊడ్చాడు, తోటకు నీళ్ళు పెట్టాడు, కానీ అసలు కొలువు స్నానాల దగ్గర. వచ్చిన పెద్దమనుషులకు వేడినీళ్ళు మోసుకొచ్చి టబ్బు నింపడం, మోచెయ్యి ముంచి వేడి చూడడం, వాళ్ళు లోపలికి పోయాక తలుపు బయట నిలబడి "పానీ బరాబర్ హై సాబ్?" అని అడగడం. లోపలి నుంచి "హా" అని బద్ధకంగా ఒక మాట వినపడేది. కొందరు సాబులు పాటలు పాడేవాళ్ళు. ఒకాయన టబ్బులోనే గురక పెట్టేవాడు. పొద్దున్నే ఇల్లు పీకి పందిరేసి లోపలికి పోయినవాడు కూడా, బయటికొచ్చేటప్పుడు పాలు తాగిన పసిపిల్లాడి ముఖంతో వచ్చేవాడు. ఆ నీళ్ళలో ఏముందిరా దేవుడా అని గౌరయ్య చాలాసార్లు అనుకున్నాడు. అనుకోవడమే గానీ, పనివాడు టబ్బులో కూర్చుంటే సేటు ఊరుకుంటాడా?

తొంభైల్లో భూముల మీద జనం కన్ను పడింది. సేటు గెస్ట్‌హౌస్‌ను ప్లాట్లు వేసేవాళ్ళకు అమ్మేశాడు. కూలగొట్టే ముందు, ఏ మాటకామాటే చెప్పాలి, మంచి మనసుతో పనివాళ్ళందరినీ పిలిచి తలా ఒక వస్తువు తీసుకుపొమ్మన్నాడు. వంట చేసే మన్నాన్ ఫ్రిజ్ పట్టుకున్నాడు. వాచ్‌మన్ టేకు మంచం అన్నాడు. గౌరయ్య తల గోక్కుంటూ "సాబ్, గా టబ్బు" అన్నాడు. సేటు కళ్ళజోడు ఊడిపడేంత నవ్వాడు.

టబ్బు ఇంటికొచ్చిన రోజు దుర్గమ్మ నవ్వలేదు. నలుగురు మనుషులు హుషారు హుషారు అనుకుంటూ మోసుకొస్తుంటే నడుం మీద చేతులు పెట్టుకుని గల్లీ మొత్తానికి వినపడేట్టు అంది, "అందరు మొగోళ్ళు ఫ్యాన్లు దెచ్చిరి, మంచాలు దెచ్చిరి. మా ఆయిన బర్ల గోలెం దెచ్చిండు. ఇంట్ల బర్రె లేకపాయె, ఆయిననే కట్టేస్త దాని కాడ."

ఆ రాత్రి అన్నం పెడుతూ మాత్రం ఒక మాట అడిగింది. "అయితే గా సాబులు గంతసేపు గా నీళ్ళల్ల ఏం జేస్తుండ్రి?"

"ఏం జెయ్యరే. ఊకె కూసుంటరు."

"ఊకెనా?"

"ఊకెనే."

దుర్గమ్మ నమ్మలేదు. చేతిలో పని లేకుండా మనిషి కూర్చోవడం ఆమె ఎక్కడా చూడలేదు. ఆమె టీవీ చూసినా పక్కన చేటలో బియ్యం ఉంటాయి, చుట్టాలతో మాట్లాడినా చేతిలో చిక్కుడుకాయ ఉంటుంది. ఊరికే కూర్చునేవాళ్ళు రోగులో దొంగలో అయి ఉంటారని ఆమె అభిప్రాయం. మర్నాడు నల్లా రాగానే టబ్బు అంచు వరకు నీళ్ళు నింపి పైన రేకు మూసింది. అంతే, అది గోలెమైంది.

గౌరయ్య ఊరుకున్నాడు. ఉంది కదా ఇంట్లో, ఎప్పుడో ఒకప్పుడు కూర్చోకపోతానా అనుకున్నాడు. ఏళ్ళు అట్లాగే గడిచాయి. బిడ్డ సుచిత్ర పెళ్ళయి నాగారం వెళ్ళింది, గౌరయ్య నెత్తి నెరిసింది, టబ్బు మీద రేకు తుప్పు పట్టింది. ఆశ ఒక్కటే పట్టలేదు.

అట్లాంటిది ఆ ఎండాకాలం టబ్బు తలాపున ఉన్న నల్లా కారడం మొదలుపెట్టింది. గెస్ట్‌హౌస్ నుంచి టబ్బుతో పాటే వచ్చిన పాతకాలపు సీమ నల్లా అది, బరువైన ఇత్తడిది. మొదట చుక్క చుక్క. తర్వాత దారంలా ధార. మిద్దె మీది ట్యాంకుకూ ఈ నల్లాకూ మధ్య ఒక వాల్వు పెట్టించాలన్న తెలివి పైపు వేసిననాడు ఎవరికీ లేకపోయింది. దాంతో ట్యాంకులో నీళ్ళన్నీ టబ్బులోకి దిగడం, టబ్బు నిండి పొర్లి మురికినీళ్ళ మోరీలో కలవడం, తెల్లారి వంటింట్లో నల్లా తిప్పితే ఉత్త గాలి రావడం. బియ్యం కడిగిన నీళ్ళు చెట్టుకు, బట్టలు జాడించిన నీళ్ళు వాకిలికి పోసే మనిషి దుర్గమ్మ. మోరీలోకి పోయే మంచినీళ్ళ చప్పుడు వింటుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

"ఏందయ్యా, ట్యాంకు మల్ల ఖాళీ. ఎసట్ల ఏం పోయాలె? నీ చెమట పోయాల్నా?"

"జేపిస్త గదనే. జెర ఓపిక పట్టు."

"పట్టిన. మస్తు పట్టిన. ఇగ నేను జెప్పేది ఇను. ఐతారం మా తమ్ముడొస్తాండు. గాలోపల నల్ల కారుడు బందైతే గోలెం ఇంట్ల ఉంటది. కాలేదనుకో, రావల్కోల్ల వాని బర్ల కాడికి పోతది. గంతే. ఇంకో మాట లేదు."

దుర్గమ్మ గంతే అంటే గంతే. ఆ సంగతి గౌరయ్యకు పెళ్ళయిన వారానికే తెలిసింది.

ఆమె తమ్ముడు బాలనర్సయ్యకు రావల్‌కోల్‌లో పొలం ఉంది, కొట్టం నిండా బర్లున్నాయి. ఎప్పుడొచ్చినా స్నానాల గదిలోకి పోయి టబ్బు అంచు మీద వేలితో కొట్టి చూసేవాడు, సంతలో కుండ కొనేవాడిలా. "బావా, గింత మంచి గోలెంల కుడితి దాగితే మా బర్లు ఇంకింత పాలియ్యవా?" అనేవాడు. బావ బతుకు కోరేవాడు బామ్మర్ది అంటారు. ఈ బామ్మర్ది బావ టబ్బు కోరాడు. నల్లా కారుతోందని అక్క చెప్పిన మాట చెవిన పడిందో లేదో, ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాడు.

తను ఒక్కసారైనా కూర్చోని టబ్బులో బర్రె మూతి పెడుతుంది. తవుడు, చిట్టు, తెలగపిండి. ఆ బొమ్మ కళ్ళముందుకొస్తే గౌరయ్యకు ముద్ద దిగలేదు. నవ్వేవాళ్ళు నవ్వనీ, మనిషికి జన్మలో ఒక్క సోకు ఉండకూడదా?

సరే, ప్లంబర్‌ను పిలుద్దామని బయల్దేరాడు. మేడ్చల్‌లో ప్లంబర్లకు కరువు లేదు గానీ దొరికే ప్లంబర్లకు కరువు. అందరూ పేట్ బషీరాబాద్‌లో లేచే కొత్త బిల్డింగుల మీద పడ్డారు. బస్టాండు దగ్గర ఒకడు దొరికితే, "కాకా, ఒక్క నల్లాకా? బిల్డింగు గట్టినంక పిలువు, వస్త" అని బండెక్కి పోయాడు. ఇగ గౌరయ్య తనే చేస్తానని తీర్మానించుకున్నాడు. నల్లాల పక్కన ఇన్నేళ్ళు నిలబడ్డవాడికి నల్లా తెలియదా అని ధైర్యం. గుర్రాల పక్కన నిలబడ్డవాడు స్వారీ నేర్చినట్టే ఉంటుంది ఇది, కానీ ఆ మాట అతనికి చెప్పేదెవరు?

మొదటి వైద్యం, పాత ధోవతి చింపి నల్లా మూతికి కట్టు కట్టాడు. గంటకు కట్టు తడిసి, నీళ్ళు కిందికి కాకుండా పక్కకు, గోడకు కారాయి. గోడ నానింది. రెండో వైద్యం, పక్కింటి నుంచి పెద్ద పానా తెచ్చి నల్లా చెవిని పళ్ళు బిగపట్టి బిగించాడు. కటక్ మంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, అదీ సంగతి. దారంలా కారేది కాస్తా వేలు లావున కారింది. దుర్గమ్మ గుమ్మంలో నిలబడి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆమె తిట్టకపోతే గౌరయ్యకు ఎక్కువ భయం.

మూడో వైద్యంలో కొంచెం బుద్ధి వచ్చింది. ట్యాంకు ఖాళీ అయిన పూట చూసి నల్లా తల విప్పాడు. లోపలి మర కొసన రబ్బరు బిళ్ళ ఒకటి ఉంది, వాషర్. అరిగి, చీలి, ముసలమ్మ పన్నులా ఊగుతోంది. రోగం దొరికింది! సంబరంగా దాన్ని చేత్తో పట్టుకుని హార్డ్‌వేర్ దుకాణానికి పోయాడు. దుకాణమతను డబ్బాలన్నీ కుమ్మరించాడు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. సీమ నల్లాకు ఈ దేశపు వాషర్ ఒక్కటీ కుదరలేదు. "గీ నల్లను పీకి పారేసి కొత్తది పెట్టు పెద్దాయినా" అన్నాడు. కానీ టబ్బుకున్న బెజ్జం కూడా సీమదేనాయె, కొత్త నల్లా అందులో కుదురుతుందా?

అట్లా ఐతారం రానే వచ్చింది.

పొద్దున్నే దుర్గమ్మ కొంగు దోపి టబ్బులో నీళ్ళన్నీ బిందెల్లోకి, బక్కెట్లలోకి తోడేసింది. తమ్ముడికిచ్చే వస్తువు పాచితో ఇస్తే పుట్టింటివాళ్ళ ముందు పరువేం కాను? బట్టల సోడా వేసి, కొబ్బరి పీచుతో వంగి రుద్దింది. రుద్దినకొద్దీ పచ్చటి పాచి పోయి కింద తెల్లటి పింగాణీ బయటపడింది. గౌరయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆమె తెల్లటి అంచు మీద చెయ్యి పెట్టి ఒకసారి అటు నుంచి ఇటు నిమిరింది. అలిసిపోయిందేమో, అంచు మీద కూర్చుంది కూడా. గౌరయ్య కళ్ళు కనపడగానే చటుక్కున లేచింది.

"ఏం జూస్తున్నవ్? శవం కాడ నిలబడ్డట్టు నిలబడ్డవ్. పోయి నీళ్ళ కాగు కింద మంటెయ్యి, రుద్ది రుద్ది నా నడుములిరిగినయ్. ఉడుకు నీళ్ళు పోసుకోవాలె."

గౌరయ్య పెరట్లో కాగు కింద కట్టెలు ఎగదోసి, ఇక మిగిలిన ఒక్క దిక్కుగా మన్నాన్‌కు కబురు పెట్టాడు. మన్నాన్ ఇప్పుడు బస్టాండు దగ్గర చాయ్ హోటల్ నడుపుతున్నాడు. గెస్ట్‌హౌస్ ఫ్రిజ్‌తో మొదలుపెట్టిన హోటల్. దోస్తు బాధ విని గల్లా వదిలేసి వచ్చాడు.

వాళ్ళిద్దరూ విప్పిన నల్లా ముందు కూర్చుని చూస్తుండగానే బయట ట్రాలీ ఆటో ఆగింది. బాలనర్సయ్య దిగాడు. ఒక చేతిలో పాల క్యాను, ఒక చేతిలో మోకు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చి, "బావా, సల్లగున్నవా?" అని అడుగుతూనే టబ్బు అంచు మీద వేలితో కొట్టాడు. ఖణ్ మంది. "మస్తుగున్నది" అన్నాడు. బావ ఎట్లున్నాడో మాత్రం చూడలేదు. దుర్గమ్మ తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచి జొన్నరొట్టె, కోడికూర పెట్టింది.

"దోస్త్, అయిపాయె నా బతుకు" అన్నాడు గౌరయ్య, అరిగిన వాషర్‌ను అరచేతిలో పెట్టుకుని. "బర్లకు రాసిపెట్టిండు దేవుడు, నాకు రాయలే."

మన్నాన్ ఆ వాషర్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "క్యా పరేషాన్ హోతా యార్? గింతదానికా? గెస్ట్‌హౌస్‌ల కిచెన్ నల్ల కారితే నేనేం జేస్తుంటి? చెప్పు కోసి ఏస్తుంటి."

"చెప్పా?"

"హౌ. హవాయి చెప్పు. మడిమె కాడ మందంగుంటది, అరిగినా మెత్తగుంటది. గీ బిళ్ళ దాని మీద పెట్టి గీత గియ్యి, బ్లేడుతోని కొయ్యి, నడుమ బెజ్జం పొడువు. దుకాణంల దొరకని సైజు చెప్పుల దొరుకుతది."

గౌరయ్య పాదాలకేసి చూసుకున్నాడు. అతనివి తోలు చెప్పులు. "ఓ దుర్గమ్మా! పాత హవాయి చెప్పులున్నయానే ఇంట్ల?"

వంటింట్లోంచి ఆమె గొంతు వచ్చింది. "దర్వాజ కాడ నాయి లేవా? నీలి పట్టీలయి, తెగితే పిన్నీసు పెట్టిన. కోసుకో, ఏమన్న జేసుకో. ఎట్లయిన గోలెం పొయ్యేదే ఉన్నది."

గౌరయ్య దర్వాజ దగ్గరికి పరుగెత్తాడు. కళ్ళజోడు టబ్బు అంచు మీదనే మరిచాడు. నీలి పట్టీ, పట్టీకి పిన్నీసు. దొరికింది! తెచ్చి బోర్లేసి, మడమ దగ్గర వాషర్ పెట్టి, పెన్నుతో గీత గీసి, మన్నాన్ చెప్పినట్టు బ్లేడుతో గుండ్రంగా కోశాడు. బిళ్ళ చక్కగా వచ్చింది. మేకు కాల్చి నడుమ బెజ్జం పొడిచాడు. మర కొసకు తొడిగితే, ఆహా, దాని కోసమే పుట్టినట్టు కూర్చుంది. కోసిన చెప్పును మళ్ళీ దర్వాజ దగ్గరే విడిచి వచ్చి నల్లా తల బిగించాడు. ఈసారి పళ్ళు బిగపట్టలేదు, మెల్లగా బిగించాడు.

"అయింది! దుర్గమ్మా, అయిందే!"

"ఇల్లలుకంగనే పండుగైతదా?" అంది ఆమె గుమ్మంలోకి వచ్చి. "ట్యాంకుల సుక్క లేకపాయె, ఏం గారుతది? నల్ల రానియ్యి, మోటరెయ్యి, గప్పుడు జూద్దాం."

బాలనర్సయ్య మూతి తుడుచుకుంటూ వచ్చి మోకు విప్పడం మొదలుపెట్టాడు. ఎందుకైనా మంచిదని.

మధ్యాహ్నం కాబోతుండగా గల్లీలో "నల్లొచ్చింది, నల్లొచ్చింది" అని కేకలు లేచాయి. దుర్గమ్మ మోటరు వేసింది. మిద్దె మీద ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు. నలుగురూ స్నానాల గదిలో నిలబడి నల్లా మూతి వైపు చూస్తున్నారు. పైపులో గుర్రు మని గాలి కదిలింది. నీళ్ళు దిగాయి. నల్లా మూతి కొసన ఒక చుక్క పుట్టింది. ఉబ్బింది. వేలాడింది.

"ఎహె, కారుతాంది" అన్నాడు బాలనర్సయ్య, మోకు అందుకుంటూ.

చుక్క రాలి టబ్బులో పడింది. అందరూ రెండో చుక్క కోసం చూశారు. రాలేదు. ఇంకాసేపు చూశారు. మన్నాన్ వంగి నల్లా మూతి కింద అరచెయ్యి పెట్టి ఉంచాడు. తీసి చూపించాడు. పొడిగా ఉంది.

"సూఖా!" అన్నాడు.

గౌరయ్యకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నల్లా నుంచి బందైన నీళ్ళు ఇటు వచ్చాయి కాబోలు. దుర్గమ్మ మాత్రం నల్లా వైపు, తళతళలాడుతున్న టబ్బు వైపు చూస్తూ నిలబడింది. బాలనర్సయ్యే కోపంగా మోకు చుట్టుకుని, "సర్లే, ట్రాలాయినకు జెప్పొస్త" అని బయటికి నడిచాడు. రెండు అడుగులు వేశాడో లేదో పెద్దగా అరిచాడు.

"వామ్మో! నా చెప్పుకు బొక్కేంది?"

అందరూ బయటికి ఉరికారు. బాలనర్సయ్య ఒంటికాలి మీద నిలబడి చెప్పును పైకెత్తి చూస్తున్నాడు. చెప్పులోంచి ఆకాశం గుండ్రంగా కనిపిస్తోంది. పక్కనే, అరుగు వారన, దుర్గమ్మ చెప్పులు ఏ గాయం లేకుండా ఉన్నాయి. అవీ నీలి పట్టీలే, అవీ పిన్నీసు పెట్టినవే. ఒక్క తల్లి కడుపున పుట్టిన అక్కాతమ్ముళ్ళు. కొట్టం నిండా బర్లున్నా, ఆయన చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుంటాడు గానీ కొత్తది కొనడు. ఈ అక్కా అంతే. పాదాలు కూడా ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. పాపం, కళ్ళజోడు లేని గౌరయ్యకు ఏం తెలుస్తుంది?

"బావా! నా చెప్పు గోసినవా నువ్వు?"

"నర్సయ్యా, నీ మీద ఒట్టు, మీ అక్క చెప్పనుకున్న."

"అయితే ఇగ ఇను." బాలనర్సయ్య ముఖంలోకి ఒక వెలుగు వచ్చింది. "నల్ల నువ్వు బాగు జేసినవా? కాదు. నా చెప్పు బాగు జేసింది. నా చెప్పు లేకుంటే కారుతనే ఉండు. అక్క ఏమన్నది? నల్ల బాగుగాకపోతే గోలెం నాకన్నది. నువ్వైతే బాగు జెయ్యలే గద. గోలెం నాదే!"

"అట్లెట్లయితది? నీ చెప్పుకు తెల్వదు గదా కోసుకొమ్మని. కోసింది నేను."

"దొంగ నాయం మాట్లాడకు బావా. చెప్పు నాది."

"మన్నాన్ భాయ్, నువ్వు జెప్పు."

మన్నాన్ గడ్డం నిమురుకున్నాడు. "చెప్పు ఈయనది. చెయ్యి నీది. ఉపాయం జెప్పిన అఖల్ నాది. గట్ల జూస్తే టబ్బు నాకే రావాలె" అన్నాడు. ఇద్దరూ అతని మీదికి ఎగబడ్డారు. ట్రాలీ ఆయన ఆటోలోంచి దిగి బీడీ ముట్టించుకుని చూస్తున్నాడు. ఎదురింటివాళ్ళు కిటికీలు తెరిచారు.

ఈ గొడవలో దుర్గమ్మ ఎప్పుడు లోపలికి పోయిందో ఎవరూ గమనించలేదు. లోపల గడియ పడిన చప్పుడు వినపడింది. ఆ వెంటనే, ధబధబమని నీళ్ళు పడే చప్పుడు.

గౌరయ్య ముఖం పాలిపోయింది. ఊడింది. చెప్పు ముక్క ఎంతసేపు ఆగుతుంది, ఊడే ఉంటుంది. బాలనర్సయ్య కూడా విన్నాడు, మోకు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. గౌరయ్య పడుతూ లేస్తూ పోయి స్నానాల గది తలుపు కొట్టాడు.

"దుర్గమ్మా! నల్ల ఊడిందానే?"

"ఊడలే." నీళ్ళ చప్పుడులోంచి గొంతు వచ్చింది. "నేనే ఇప్పిన. కాగుల ఉడుకు నీళ్ళున్నయ్ గద, రెండు బక్కెట్లు దే. దర్వాజ కాడ పెట్టు."

గౌరయ్యకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక పెరట్లోకి పోయి కాగులోంచి నీళ్ళు ముంచాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, మోచెయ్యి ముంచి వేడి చూశాడు. తెచ్చి తలుపు దగ్గర పెట్టి అటు తిరిగి నిలబడ్డాడు. తలుపు సందులోంచి గాజుల చెయ్యి ఒకటి వచ్చి బక్కెట్లు ఒక్కొక్కటే లోపలికి లాక్కుంది. గడియ పడింది. నల్లా బందయింది. నీళ్ళు కదిలాయి, మనిషి దిగిన చప్పుడు, తర్వాత పెద్ద నిట్టూర్పు.

గౌరయ్య తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అది అతను వయసంతా నిలబడ్డ చోటే, తలుపు మాత్రం వేరే. తెలియకుండానే నోట్లోంచి వచ్చింది.

"పానీ బరాబర్ హై మేమ్‌సాబ్?"

లోపల దుర్గమ్మ నవ్వింది. పెళ్ళయిన కొత్తల్లో తప్ప గౌరయ్య ఆ నవ్వు వినలేదు.

బయటినుంచి బాలనర్సయ్య అరిచాడు. "అక్కా! ట్రాలాయిన తొందర వెడుతుండు. గోలెం ఖాళీ జెయ్యి, మోసుకపోతం!"

"తమ్మీ!" ఆ గొంతు గల్లీ మొత్తానికి వినపడింది. "గోలెం కాదది, టబ్బు. ట్రాలీని పంపియ్యి. నీ బర్లకు సిమెంటుది కట్టిచ్చుకో. చెప్పులు పోతే శని పోయినట్టే, పండుగ జేసుకో. నా చెప్పులేసుకొని పో, నీకు సరిపోతయ్."

గంతే అంటే గంతే అని తమ్ముడికీ తెలుసు, అతను ఆమె చేతుల మీదనే పెరిగాడు. సణుగుతూ అక్క చెప్పులు తొడుక్కున్నాడు. నిజంగానే సరిపోయాయి. మన్నాన్ అతని భుజం మీద చెయ్యి వేసి, "ఆ జావ్ భాయ్, చాయ్ తాగుదాం. చెప్పు పాయె, టబ్బు పాయె, చాయన్న దక్కనీ" అని గల్లీ చివరికి నడిపించుకుపోయాడు.

ఇల్లు సద్దుమణిగింది. లోపలి నుంచి చప్పుడు లేదు. చెంబు చప్పుడు లేదు, రుద్దుకునే చప్పుడు లేదు. చాలాసేపయింది. గౌరయ్యకు భయం వేసింది. ఒకప్పుడు టబ్బులో గురక పెట్టిన సాబు గుర్తుకొచ్చాడు, కానీ ఈ మనిషి పగలు కన్ను మూసే రకం కాదాయె. తలుపు మీద మెల్లగా వేలితో కొట్టాడు.

"దుర్గమ్మా, ఏం జేస్తున్నవే లోపట?"

"ఏం జేస్తలే." గొంతు నిదానంగా, దూరం నుంచి వస్తున్నట్టు వచ్చింది. "ఊకె గూసున్న."

గౌరయ్య గోడ పట్టుకుని అక్కడే కింద కూర్చున్నాడు. ఊకె గూసున్నదట. బియ్యం చేట లేదు, చిక్కుడుకాయ లేదు. తన టబ్బును ముందుగా ఇంకొకరు కూర్చుని మైల చేశారన్న బాధ రావాలి కదా, వెతుక్కుంటే ఎక్కడా దొరకలేదు. చెవి రిక్కించి విన్నాడు. ఒక్క చుక్క చప్పుడు లేదు. చెప్పు ముక్క గట్టిగా నిలిచింది.

"ఏమయ్యా, ఉన్నవా?"

"ఈడనే ఉన్ననే."

"ఎల్లుండి నల్లొస్తది గద. గప్పుడు నువ్వు గూసో. నేను బయట నిలవడి అడుగుత, బరాబరున్నయా అని."

గౌరయ్యను ఎవరూ ఎన్నడూ ఆ మాట అడగలేదు. బదులు చెప్పాలి కదా. కళ్ళు తుడుచుకుని, గోడకు తల ఆనించి, సాబులు అన్నట్టే బద్ధకంగా "హా" అన్నాడు.